పీచు గోతులు

మే 5, మంగళవారం
కౌన్సిల్‌లో చేరి నెలైంది. ఇదివరకు మా దీవిలో ఒక బెంచీ వేయాలన్నా రాజధాని మాలే నుంచి కాగితం రావాలి. ఇప్పుడు మేం ఐదుగురం తీర్మానం చేస్తే చాలు. ఈ రోజు మూడింటి మీద సంతకం పెట్టాను. చదివే పెట్టావా అని అమ్మ అడిగింది. నవ్వేశాను.

మే 7
చదవలేదు.
మూడో తీర్మానం తూర్పు ఒడ్డున గోతులు పూడ్చడం. కంపుకి టూరిస్టులు రావట్లేదట, గెస్ట్‌హౌస్‌లకి బీచ్ కావాలట. ఆ గోతుల్లోనే అమ్మ కొబ్బరి పీచు నానబెడుతుంది. ఆ పీచుతో తాళ్ళు పేని నన్ను చదివించింది. స్కూల్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు.
అమ్మ తిట్టలేదు. చేపా కొబ్బరీ కలిపిన మస్‌హుని పళ్ళెం నా ముందుకు తోసి, సంతకం మాత్రం ముచ్చటగా ఉందే అంది.

మే 8, సాయంత్రం
కౌన్సిల్ ప్రెసిడెంట్ ఇద్రీస్ మామని కలిశాను. అదంతా రేవు పందిరి కింద ఎప్పుడో తేలిపోయిందమ్మాయ్, మీటింగ్ సంతకాలకేగా అన్నాడు.
ఆ పందిరి కింద మగవాళ్ళే కూర్చుంటారు. ఆడవాళ్ళం రోజూ దాని చుట్టూ ఊడుస్తాం. ఎక్కి కూర్చోం.

మే 10
చట్టం చదివాను. ఈసారి నిజంగా, రెండుసార్లు. ఊరికి చాటకుండా చేసిన తీర్మానం చెల్లదు. ఇద్దరు సభ్యులు అడిగితే మళ్ళీ మీటింగ్ పెట్టాల్సిందే. కౌన్సిల్‌లో నాతో పాటే ఉన్న జలీకా అక్క రెండో సంతకం పెట్టింది. మొన్న తనూ చదవలేదట. చోటూ వేళా మేమే రాశాం: రేవు పందిరి, ఉదయం ఆరు.

మే 14
ఆరింటికి ఊళ్ళో ఆడవాళ్ళంతా వీధులు ఊడుస్తుంటారు. అలాగే ఊడ్చుకుంటూ రేవు దాకా వచ్చేశారు. అరవై చీపుళ్ళు!
ఇది మీటింగా పెళ్ళా అన్నాడు ఇద్రీస్ మామ. పెళ్ళయితే పిలిచేవాడివిగా అని వెనక నుంచి ఎవరో. ఒకటే నవ్వులు.
చదవకుండా సంతకం పెట్టానని అందరి ముందూ ఒప్పుకున్నాను. తీర్మానం పైకి చదివాను. ఇద్రీస్ మామ మళ్ళీ కంపు అన్నాడు. అప్పుడు మా ఐదుగురిలో పెద్దవాడు మానిక్ తాత నోరు విప్పాడు. తుఫానులో మునుగుతుంటే నిన్ను నా పడవలోకి లాగింది ఆ కంపు తాడేరా ఇద్రీసూ అన్నాడు. గోతులు ఉంచాలని చెయ్యెత్తాడు. జలీకా అక్కా నేనూ ఎత్తాం.
మూడు, రెండు. గెలిచాం!
అందరూ అరుస్తున్నారు. అమ్మ మాత్రం చీపురు స్తంభానికి ఆనించి, పందిరి ఎక్కి, ప్రెసిడెంట్ పక్కనే కూర్చుంది. కాళ్ళు నొప్పులట.

మే 15
అమ్మతో పాటు గోతిలో దిగాను. చేతులు కంపు. ఈ పేజీ కూడా.
కడుక్కోలేదు.