పదకొండో వరుస

మా చంటిదాని నాన్నగారికి,

తప్పులుంటే మీలో మీరే నవ్వుకోండి, పక్కవాళ్లకు చూపించకండి. మీరు ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. మంచం కింద పెట్టె సర్దిపెట్టి నెలయింది. పాపను తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాను. పాప పుట్టినప్పుడు మీరు లేరు. తొమ్మిదో రోజున చేతికి కట్టుతో వచ్చి, ఈత శిక్షణలో జారిపడ్డానన్నారు. ఈత కోసం మమ్మల్ని వదిలేశారా అని రెండేళ్లుగా లోలోపలే కుమిలిపోయాను.

మీ కమాండో దళానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి కదా, గోడకు తగిలించే నీలం గుడ్డ మీద దాని చరిత్ర కుట్టే పని దళం టైలరు మాస్టారు నాకిచ్చారు. పేర్లుండవు, తేదీలూ చేసిన పనులూ మాత్రమే. విమానంలోంచి మొదటిసారి దూకిన రోజు మొదటి వరుస. ఇన్నాళ్లూ గుట్టుగా ఉంచినవి కూడా ఇప్పుడు రాయించారట. నా చదువు సంగతి తెలుసుగా, అక్షరం కుట్టాక గానీ మాట అర్థం కాదు.

పదకొండో వరుసలో పాప పుట్టిన తేదీ వచ్చింది. మిగతాది గబగబా కుట్టాను. "నీటి అడుగున ఈదివెళ్లి పడవ పట్టుకోవడం ఇదే మొదలు. బందీలు పందొమ్మిది మంది క్షేమం."

మా ఆయన ఇందులో ఉన్నారా అని మాస్టారిని అడిగాను. ఆయన మిషను మీంచి తల ఎత్తలేదు.

"అది చెప్పకూడదమ్మా. ఆ వారం కట్టు పట్టేలా ఒక చొక్కా చెయ్యి చీల్చి కుట్టాను. ఎవరిదని అడక్కు. కళ్లు తుడుచుకో, కుట్టు వంకర పోతోంది."

ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికానో. ఒక్కసారైనా మిమ్మల్ని అడగలేదు.

ఆ పందొమ్మిది ఇళ్లలో ఆడవాళ్లు మీకు దండం పెట్టుకునే ఉంటారు. ఇరవయ్యోదాన్ని నేను.

వెనక లైనింగ్ వేసేముందు, మాస్టారు అటు తిరిగినప్పుడు, పదకొండో వరుస వెనక నేనూ ఒక ముక్క కుట్టాను. "అదే రోజు ఇక్కడ తల్లీ బిడ్డా క్షేమం." పేర్లు వేయలేదు, మీ దళం పద్ధతే.

పెట్టె ఖాళీ చేశాను. ఇప్పుడు ఎక్కడున్నారని అడగను. వచ్చాక ఈతకే వెళ్లానని చెప్పండి, నమ్ముతాను.

మీ రాక కోసం చూస్తూ,
మీ పాప అమ్మ