వాసన లేని అత్తరు

మంగళవారం రాత్రి

మొన్న మా ఆయనకు ఫ్లూ అని పరీక్షలో తేలగానే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. జ్వరానికి కారణం దొరికింది కదా, ఇక కొవిడ్ పరీక్ష ఎందుకు అనుకున్నాం. ఎంత తెలివితక్కువతనం!

సాయంత్రం చార్మినార్ దగ్గరి మా అత్తరు దుకాణం నుంచి కొత్త సరుకు సీసా ఇంటికి పంపారు. ఆయన మణికట్టు మీద రాసుకుని చూడనిదే ఏ సరుకూ అమ్మకానికి పోదు. మంచం మీదే కూర్చుని ఒక చుక్క వేసుకున్నారు. మళ్లీ వేసుకున్నారు. తర్వాత సీసానే వంచేశారు. వట్టివేళ్ల వాసన మెట్ల దాకా నిండింది. అత్తమ్మకు దగ్గు మొదలైంది. ఆయన మాత్రం తడి చెయ్యి ముక్కుకు అదుముకుని, "ఏందే ఇది? ఉత్త నీళ్లు పంపిండ్రా?" అన్నారు.

వాసన తెలియకపోవడం కొవిడ్ లక్షణమని అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"ఫ్లూ ఉన్నదంటే కొవిడ్ లేదని కాదమ్మా. రెండూ కలిసి రావచ్చు. ఇంక ఆగొద్దు, పొద్దుగాల్నే టెస్ట్ చేయించుండ్రి. మీ అత్తమ్మకు ఉబ్బసం ఉన్నది కదా, ఆమెకు గూడ రెండు టెస్టులూ చేయించాలె" అన్నారు.

అత్తమ్మను వేరే గదిలో పడుకోబెట్టాను. ఆ దగ్గు అత్తరు ఘాటుకేనా?

అత్తరు ఒలికిన దుప్పటి నా పక్కనే ఉంది. ఇందాకటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. గాలికి పోయిందేమో. సీసా అడుగున కొంచెం మిగిలింది. మూత తీస్తే తెలిసిపోతుంది.

చెయ్యి రావడం లేదు.