రెండు గోలీలకు ఒకటే నంబరు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు మింగిన రెండు రకాల బీపీ గోలీల ఖాళీ షీట్లు దాచిపెట్టాను కదా, ఇవాళ పంజాగుట్ట ఆసుపత్రిలో చూపించాను. నావేనని చెప్పాను.

కంప్యూటరు ముందున్న పిల్ల పేర్లు కొట్టి చూసింది. "కంపెనీ పేర్లే వేరమ్మా, మందు ఒక్కటే. కంప్యూటర్ల మందును బట్టే నంబరిస్తరు, గందుకే రెండిటికీ ఒకటే నంబరుంది. రెండూ వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతరు," అంది.

అమీర్‌పేట డాక్టరు ఒకటి రాశాడు, బేగంపేట డాక్టరు ఒకటి రాశాడు. ఏది మానితే ఏమవుతుందోనని నాకు భయం. "రెండూ ఒక్కతీరే చేదున్నయ్, ఒకటి సాలదానే?" అనేదానివి. నువ్వు పడిపోయిన పొద్దున కూడా, రెండూ మింగేదాకా నీళ్ల గ్లాసుతో నీ ముందే నిలబడ్డాను.

"ఇప్పుడెట్లుంది అమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"మంచిగనే ఉన్న బిడ్డా," అన్నాను.