బీరువాలో పిడుగులు

చిన్నోడికి అక్కయ్య ఆశీస్సులు.

నేను క్షేమం. నువ్వు క్షేమమేనని పొద్దున్నే రేడియోలో తెలిసింది. అంత గట్టిగా అరిచేవాడి ఆరోగ్యానికి ఏం లోటుంటుంది?

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నాకోసం ఎర్రకోటు ఒకటి కుట్టుకున్నానని పోయినవారం నీకు రాశాను. తోబుట్టువువని చెప్పుకున్న మాట అది. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసుగానీ, మరీ దేశమంతా చాటాలా? "జుట్టు నెరిశాక రంగురంగుల బట్టలు తొడుక్కుని వీధుల్లో తిరిగే ఆడవాళ్లారా!" అని నువ్వు ఉరుముతుంటే, నా కుట్టుదుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు కొలతలిస్తున్నారు. వాళ్లు రేడియోకేసి చూశారు, కొక్కేనికి వేలాడుతున్న కోటుకేసి చూశారు, ఆ తర్వాత నాకేసి చూశారు. బొత్తాం ఊడిందని వచ్చిన పక్కకొట్టు గడియారాల మేస్త్రీ, కంటికున్న అద్దమైనా తీయకుండా పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

నిన్ను జనమంతా పిడుగు పాస్టరుగారంటారు. సగం మంది నిన్ను నెత్తిన పెట్టుకుంటారు, సగం మంది నీ గొంతు వినగానే చెప్పు తీస్తారు. నాకవేం పట్టవు. అమ్మ పోయాక నీ ముక్కు తుడిచింది నేను. నీ మొదటి ప్రసంగం ఈ దుకాణంలోనే, స్టూలెక్కి, తలల్లేని బట్టల బొమ్మల ముందు చేశావు. ఒక్కటీ లేచి వెళ్లిపోలేదని ఎంత మురిసిపోయావు! ఆ రోజు చప్పట్లు కొట్టినదాన్ని ఇప్పుడు నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?

ఇట్లు,
నీ అక్కయ్య

తా.క.: కోటు తీసేది లేదు. బొత్తాలు బంగారు రంగువి. అది కూడా రేపు చదివెయ్.

*

అక్కయ్యకు ప్రభువు నామంలో వందనాలు.

నువ్వు ఒంటికాలి మీద లేచేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. నేను రోజూ పొద్దున రేడియోలో మాట్లాడతానని అందరిలాగే నువ్వూ అనుకుంటున్నావు. మాట్లాడను. చలికాలంలో నా గొంతు పూడుకుపోతుంది. అందుకని వేసవిలోనే స్టేషనులో కూర్చుని, ఏడాదికి సరిపడా ప్రసంగాలన్నీ వరసగా టేపుల్లోకి ఎక్కిస్తాను. అవన్నీ బీరువాలో ఉంటాయి. టేపుల పెద్దాయన రోజుకొకటి పైనుంచి తీసి వేస్తాడు. ఆ ప్రసంగం నీ ఉత్తరం కంటే ముందు పుట్టింది.

నమ్మనిది నేను చెప్పను. రంగుబట్టలు తప్పే. కానీ అది నిన్ననలేదు. పేపరువాళ్లు నా నోరు గుహలా గీసి, అందులో గబ్బిలాలను కూడా వేలాడదీస్తున్నారు. వాళ్లకు తోడు నువ్వు కూడానా?

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నీ మరదలు ఆ కోటు కొలతలు పంపమంటోంది. ఆమె అడగలేదు, నేను వినలేదు.

*

చిన్నోడికి ఆశీస్సులు.

బీరువా అట! ఎవరి చెవిలో పువ్వు పెడతావురా? సరే, తమ్ముడివి కాబట్టి నమ్ముతున్నాను. నమ్మినందుకు గుర్తుగా ఇంకో సంగతి చెబుతున్నాను, కడుపులో పెట్టుకో. సాయంత్రాలు దుకాణం మూశాక మా వీధి చివర హాలుకు డాన్సు నేర్చుకోవడానికి వెళుతున్నాను. గడియారాల మేస్త్రీ కూడా వస్తాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. లయ తప్పడు గానీ నా కాళ్లు తొక్కుతాడు. మోకాళ్ల నొప్పులు తగ్గాయి.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటిస్తుండగా నీ ప్రసంగం మొదలైంది. దేని మీదో తెలుసా? డాన్సు మీద! "మోకాళ్లు ప్రార్థనకిచ్చాడు దేవుడు, గెంతడానికి కాదు" అన్నావు. ఇంకా డబ్బాలో పడని ఉత్తరానికి జవాబేమిట్రా? మా వీధిలో నీకు వేగులున్నారు. ఎదురింటి రొట్టెలావిడ మీద నాకు అనుమానం. ఇవాళ్టి నుంచి ఆవిడ దగ్గర కొనడం మానేశాను.

*

అక్కయ్యకు వందనాలు.

రొట్టెలావిడ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పు. నాకు ఏ వీధిలోనూ వేగులు లేరు. సంఘ పెద్దలే నా మీద వేగులు పెట్టారని వినికిడి.

ఇంతకీ ఈ గడియారాల మేస్త్రీ ఎవరు? మొదటి ఉత్తరంలో బొత్తాం కోసం వచ్చాడు. రెండో ఉత్తరంలో డాన్సుకొచ్చాడు. ఇలాగే వస్తూ పోతే మూడో ఉత్తరానికి ఎక్కడ తేలతాడు? ఏ చర్చికి వెళతాడు? పిల్లలున్నారా? నెమ్మదస్తుడంటే నాకు భయం. నా ప్రసంగాలు వినకుండా పోయేవాళ్లందరూ నెమ్మదస్తులే.

నీ మనశ్శాంతి కోసం స్టేషనుకెళ్లి, బీరువాలో పైనున్న టేపులేవో చూసొచ్చాను. వచ్చే వారానికి సిద్ధంగా ఉన్నది "మలివయసు పెళ్లిళ్లు". చూసి హాయిగా నవ్వుకున్నాను. ఇదొక్కటైనా నీ జోలికి రాదు కదా!

ఇట్లు,
తమ్ముడు

తా.క.: రాదు కదా? రాదని ఒక్క ముక్క రాసి పడెయ్. రాత్రి అన్నం సహించలేదు.

*

చిన్నోడికి ఆశీస్సులు.

వస్తుంది.

నీళ్లు నమలడం నాకు చేతకాదు కనుక కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. మేస్త్రీ నన్ను పెళ్లి చేసుకుందామని అడిగాడు. దుకాణంలో అడిగాడు, నా నోట్లో గుండుసూదులున్నప్పుడు అడిగాడు. కాదనడానికి వీల్లేని సమయం చూసుకున్నాడని తర్వాత అర్థమైంది. మీ మొదటి బావ పోయాక ఇంట్లో నా గొంతు నాకే వినపడటం మానేసింది చిన్నోడా. ఇప్పుడు పొద్దున్నే ఎవరితోనో పోట్లాడి లేస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తోంది.

నువ్వే మా పెళ్లి చేయించాలి. నీ చేతిలో పుస్తకం ఉండాలి, నా ఎదురుగా నువ్వు నిలబడాలి. నువ్వు రాకపోతే అది నాకు పెళ్లిలా ఉండదు. ఆ టేపు వేయించుకుంటావో, మా పెళ్లి చేయిస్తావో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
అక్కయ్య

తా.క.: నీ ప్రసంగం వస్తుంటే మేస్త్రీ రేడియో కట్టెయ్యడు, గొంతు తగ్గిస్తాడంతే. ఇన్నేళ్లలో నువ్వు నెమ్మదిగా మాట్లాడగా వినడం అదే మొదలు. నువ్వు బాగానే మాట్లాడతావు.

*

అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం చదివి, కుదరదని రాసి, చింపేశాను. మళ్లీ కుదరదనే రాశాను. అదీ చింపాను. కాగితాలు నీ మరదలు దాచేసింది. ఇక తప్పక స్టేషనుకెళ్లాను.

"ఆ టేపు వద్దండీ" అన్నాను టేపుల పెద్దాయనతో. "బీరువాలోంచి ఒకటి లాగితే వరసంతా చెడుతుంది పాస్టరుగారూ. వద్దంటే ఆ సమయానికి మీరే వచ్చి మాట్లాడండి" అన్నాడు. ఎన్నేళ్లయిందో అక్కయ్యా, టేపు లేకుండా నేరుగా మాట్లాడి! ఎర్రదీపం వెలిగింది. చేతిలో కాగితం లేదు. అప్పుడు నీ దుకాణంలో ఉన్నాననుకున్నాను. వినేవాళ్లకు తలల్లేవనుకుంటే ధైర్యమొచ్చింది.

"ఇవాళ మలివయసు పెళ్లిళ్లను తిట్టాల్సిన పాస్టరుగారు రాలేదు" అన్నాను. "మా అక్కయ్య నన్ను పెంచింది. ఇన్నేళ్లూ ఒక్కతే ఉంది. ఆ సంగతి నేను ఒక్క పూటైనా తలచుకోలేదు. ఇప్పుడావిడ పెళ్లి చేసుకుంటోంది. చేయించేది నేను. గిట్టనివాళ్లు రేడియో కట్టేసుకోవచ్చు."

కట్టేసుకున్నారు. సంఘ పెద్దలు సమావేశమై నా పొద్దుటి సమయాన్ని కూరగాయల ధరలకిచ్చారు. నన్ను మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం కునుకు తీసే వేళకు తోశారు. మనసు చివుక్కుమంది. కానీ ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మిగతా విషయాల్లో నా అభిప్రాయాలు మారలేదు. డాన్సు తప్పే. పెళ్లి ఏ రోజో చెప్పు, కాబోయే బావగారికి నా వందనాలు.

ఇట్లు,
నీ చిన్నోడు

తా.క.: నా మాటలు విని నీ మరదలు కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకుంది. కానీ అది నవ్వు ఆపుకోలేక. వంటగదిలో తలుపేసుకుని మరీ నవ్వింది. ఎందుకో చెప్పదు.

*

మా చిన్నోడికి అక్కయ్య వెయ్యి ఆశీస్సులు.

నువ్వు మాట్లాడుతున్నంతసేపూ రేడియోకేసి చూస్తూనే కత్తెర ఆడించాను. ఎవరిదో లాగు ఒక కాలు పొట్టిదైపోయింది. ఏడ్చాను. మేస్త్రీ కూడా అద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. రొట్టెలావిడ పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

ఇప్పుడు నువ్వు కూర్చున్నావా? నిలబడి ఉంటే కూర్చో.

మా పెళ్లయిపోయింది చిన్నోడా. మొన్న వేసవిలోనే అయింది, రిజిస్ట్రారు ఆఫీసులో. ఆ ఎర్రకోటు పెళ్లికోటు. దాన్ని నువ్వు తిట్టిన రోజు, ఎవరో నీకు చెప్పేశారనుకున్నాను. నీకేం తెలుసో కూపీ లాగుదామనే ఆ ఉత్తరం రాశాను. నీకేమీ తెలియదని తేలాక, అసలు సంగతి ఒక్కసారే చెప్పే ధైర్యం చాలలేదు. ముందు డాన్సు, తర్వాత పెళ్లి మాట, ఇలా చిన్నప్పుడు నీకు చేదుమందు పట్టినట్టు కొంచెం కొంచెంగా పట్టాను. ముక్కు తుడిచినదాన్నే, అయినా నీ గొంతుకు భయపడ్డానురా. నిన్ను అంత తక్కువగా అంచనా వేసినందుకు సిగ్గుగా ఉంది. అయిపోయిన పెళ్లికోసం నీ పొద్దుటి సమయం పోగొట్టుకున్నావు.

అయినా నువ్వు రా. ఆ రిజిస్ట్రారు జలుబుతో ఉన్నాడు, సంతకాలు చేయించుకుని పంపేశాడు. "ఇష్టమేనా?" అని నన్ను ఎవరూ అడగలేదు. నువ్వడుగు. నీ ఎదురుగా, అందరికీ వినపడేలా, ఇష్టమేనని చెప్పాలనుంది.

ఇట్లు,
నీ అక్కయ్య, నీ బావ

తా.క.: సాక్షి సంతకం పెట్టింది నా మరదలే. తననేమీ అనకు. ఆ రోజు నిన్ను కూడా పిలుద్దామనే స్టేషనుకు ఫోను చేసింది పాపం. మలివయసు పెళ్లిళ్ల మీద టేపులోకి గొంతు చించుకుంటున్నావు, కదిలించడానికి వీల్లేదన్నారట.