మీటరులో ఎర్ర గీత

రాజాం, జూన్ నెల, గురువారం రాత్రి

పొద్దున్న లైన్‌మన్ వచ్చి వరండాలో మీటరు చూశాడు. "ఈ సక్రం మీటరు ఇంకెన్నాళ్లమ్మా? స్మార్ట్ మీటరు పెడతాం. ఇష్టమైతే రేపు సెప్పండి" అన్నాడు.

విశాఖలో ఉన్న మా అమ్మాయి సుజాతకి ఫోన్ చేశాను. "ఏటమ్మా ఆలోసిస్తన్నావు? పెట్టించేసుకో. నువ్వు లైటు ఆపడం మరిసిపోయినా నేనిక్కడ ఫోన్లో సూసి సెప్తాను" అంది. నిజమే, నాకు మతిమరుపు ఎక్కువైంది.

కానీ ఆ పని ఇన్నాళ్లూ పాత మీటరే చేసింది. ఎక్కడికి బయల్దేరినా, తాళం వేశాక మా ఆయన మీటరు కింద నిలబడేవారు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, అన్నీ ఆర్పితే మీటరులో తిరిగే చక్రం ఆగిపోవాల్సిందే. దానిమీది ఎర్ర గీత కదిలితే చాలు, "ఒసే, ఇంట్లో ఎవులో ఉన్నారే" అనేవారు. నేను విసుక్కుంటూ తాళం తీసి, లైటు ఆర్పి వచ్చేదాన్ని. రామతీర్థం బస్సు ఒకసారి అలాగే తప్పిపోయింది. తర్వాతి బస్సులో ఆయనకి దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను.

ఆయన పోయాక కూడా ఆ చక్రం వైపు చూడకుండా నేను మెట్లు దిగను.

సాయంత్రం కూరలకి వెళ్తూ తాళం వేసి చూశాను. చక్రం కదలడం లేదు. ఎప్పుడూ నిశ్చింతగా వెళ్లిపోయేదాన్ని, ఇవాళ ఎందుకో వెళ్లబుద్ధి కాలేదు. మళ్లీ తాళం తీసి, ఫ్యాను వేసి వచ్చాను. ఎర్ర గీత మెల్లగా వచ్చి, వెళ్లింది. అప్పుడు మెట్లు దిగాను.

రేపు లైన్‌మన్‌కి సరే అనే చెప్తాను. సుజాతకి బెంగ తీరుతుంది.

కానీ ఖాళీ ఇంట్లో కరెంటు ఎందుకు కాలుతోందని అది ఫోన్లో చూసి అడిగితే, ఏమని చెప్పను? ఇంట్లో ఎవులో ఉన్నారనా...