చూసిన చోట ఉండదు

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఉతికిన బట్టలు పద్దెనిమిది. రెండు కిలోల కారం పట్టించాను. బియ్యం ఏరాను. మా ఆయనవీ మరిదివీ కలిపి మూడు చొక్కాలకు చిల్లులు కుట్టాను. వెల్డింగ్ నిప్పురవ్వల చిల్లులు. పోయిన వారం పదకొండు చొక్కాలు.

సాయంత్రం లేజర్ వెల్డింగ్ మిషన్ దిగింది. షాపు మా ఇంటి ముందు భాగమే, కోరుట్ల మెయిన్ రోడ్డుకి. మా ఆయన రాజం ఆర్డర్లు, కొలతలు చూస్తాడు. వెల్డింగ్ చేసేది మరిది మహేందర్, పంతొమ్మిదేళ్లుగా. మిషన్ చూసి నవ్వాడు. గిది వెల్డింగ్ మిషినా, పెండ్లి డీజే బాక్సా అన్నాడు.

మిషన్‌తో పాటు పచ్చరంగు కళ్లద్దాలు ఒక్క జతే ఇచ్చారు. విడిగా కొంటే తొమ్మిది వేలట. గీతలు పడతాయని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. షాపులో పాత నల్లద్దాలు నాలుగు జతలు ఉన్నాయి కదా.

6 ఫిబ్రవరి

సిరిసిల్లలో సాంచాల ఆసామి, అదే మరమగ్గాల యజమాని, ఒకాయన కొత్త ఇంటికి స్టీల్ రెయిలింగ్. మహేందర్‌ను అన్నానికి పిలవడానికి షాపులోకి పోయి కాసేపు నిలబడ్డాను.

పాత ఆర్క్ వెల్డింగ్ అయితే వీధి చివరి దాకా తెలిసేది. చిటపట చప్పుడు, పొగ, గోడల మీద నీలం మెరుపు. దారిన పోయేవాళ్లు ముఖం తిప్పుకునేవారు. అతుకు మీద కట్టిన పెచ్చును సుత్తితో కొట్టి రాల్చాలి, ఆ తర్వాత గ్రైండింగ్. ఇప్పుడు తుపాకీలాంటి దాన్ని అంచుకు ఆనించి లాగడమే. బుస్సుమని గ్యాస్, గింజంత తెల్లటి వెలుగు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. రెండు రోజుల పని మధ్యాహ్నానికి అయిపోయింది. పైపు కొంచెం కూడా వంగలేదు.

నల్లద్దాల్లోంచి అతుకు కనబడతలేదని మహేందర్ వాటిని నెత్తి మీదికి తోసుకున్నాడు. గింత వెలుగుకు ఏమైతది వదినె, మన టార్చిలైటే నయం అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

11 ఫిబ్రవరి

చొక్కాలకు చిల్లులు లేవు.

15 ఫిబ్రవరి

మేడిపల్లి రైతు ఒకాయన తుప్పు పట్టిన గేటు తెచ్చాడు. సందులున్న అతుకు కొత్త మిషన్‌కు పడలేదు. పాత మిషన్ తీసి రాడ్లతో నింపాల్సి వచ్చింది. మీ కొత్త కోడలికి మట్టిపని చేతగాదా అని రైతు ఎగతాళి చేశాడు. గామె స్టీల్ గిన్నెలే తోముతది పెద్దయ్యా అన్నాడు మహేందర్.

ఇంతకుముందు పెద్ద పని పడ్డ రోజు మహేందర్ కళ్లలో ఇసుక పోసినట్టుందని మూలిగేవాడు. ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్ల మీద పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ బాధ లేదు. అక్కా, గీ మిషిని నాకోసమే అచ్చింది అని తోడికోడలు సంగీత సంతోషపడింది.

20 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2

అన్నం వడ్డిస్తుంటే మహేందర్ నా ముఖం చూసి ఆగాడు. బొట్టు పెట్టుకోలేదేంది వదినె అన్నాడు.

చేత్తో తడుముకున్నాను. ఉంది. లోపలికి పోయి అద్దంలో చూసుకున్నాను. ఉంది, ఎప్పటిలాగే పెద్దది. తిరిగి వచ్చాక మళ్లీ నేరుగా చూశాడు. లేదు గద అన్నాడు. నవ్వడం లేదు.

అత్త దేవవ్వ పక్కనే వెల్లుల్లి ఒలుస్తోంది. ముత్తయిదను పట్టుకొని గదేం మాటరా అని అరిచింది. తర్వాత ఎవరూ సరిగా తినలేదు.

21 ఫిబ్రవరి

అత్త మా ఆయన బండి తాళం చెవి కొంగున కట్టుకుంది. ఆయన నవ్వబోయాడు. మీ అయ్య ముప్పయ్యేండ్లు తాటిచెట్లెక్కిండు, గప్పుడు గూడ నాకు గిట్ల గుబులు గాలే, బండి ముట్టినవంటె నా మీద ఒట్టు అంది.

ఇనుము కోసం బస్సులో జగిత్యాల పోయాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. 6:40కి ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆయన చెప్పుల చప్పుడు వినేదాకా కూర్చోలేదు.

24 ఫిబ్రవరి

ఈ రోజు మహేందర్ సంగీతను అదే అడిగాడు.

అంటే ఇద్దరు అన్నదమ్ములకూ గండం అన్నమాట. సంగీత వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక బొట్టు మీద ఇంకొకటి అంటించుకుంది. మహేందర్‌కు అదీ కనబడలేదు.

25 ఫిబ్రవరి, మంగళవారం

అత్త కొండగట్టు పోయి ముడుపు కట్టి వచ్చింది. గండం రోడ్డు మీదుంది, ఇద్దరు గడప దాటొద్దు, షాపుల పని చేసుకుంటె భయం లేదు అంది. నేనూ సరే అన్నాను. బయటి ఆర్డర్లు ఆపి ఇద్దరినీ లోపలే ఉంచాం. అన్న కొలుస్తున్నాడు, తమ్ముడు అతుకుతున్నాడు. నాలుగు రోజుల్లో ఎప్పుడూ లేనంత పని అవుతుందని ఆయన లెక్క చెప్పాడు. రోజంతా ఆ బుస్సుమనే చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఇద్దరూ క్షేమంగా ఉన్నారనుకుంటూ పని చేసుకున్నాను.

1 మార్చి, మధ్యాహ్నం 1:30

తొక్కు వెయ్యలేదేంది వదినె అన్నాడు మహేందర్.

తొక్కు పచ్చడి పళ్లెంలోనే ఉంది. అతను చూస్తున్నదీ దాన్నే. పళ్లెం జానెడు పక్కకు జరిపాను. అరె, గీడనే ఉన్నది గద అన్నాడు.

పోయింది బొట్టు కాదు.

అదే రోజు, 3 గంటలు

లెక్కల పుస్తకంలో గళ్లున్న ఖాళీ పేజీ తీశాను. మధ్యలో చుక్క పెట్టి, ఒక కన్ను మూసి దాన్నే చూడమన్నాను. ఏ చుక్క అన్నాడు. పెన్ను మొనను అంచు నుంచి మెల్లగా లోపలికి జరిపాను. ఉన్నది, ఉన్నది, పోయింది అన్నాడు. పోయిన చోట గుర్తు పెట్టాను. అన్ని వైపుల నుంచీ అలాగే చేసి గుర్తులు కలిపితే కాగితం మీద చిక్కుడు గింజంత ఆకారం వచ్చింది. రెండో కంటికి ఇంకొంచెం చిన్నది.

నొప్పి ఉందా అని అడిగాను. ఒక్కనాడు లేదు అన్నాడు. నల్లగా కనబడుతుందా అన్నాను. నలుపు గాదు వదినె, కాగితం ఉంటె కాగితమే, గోడ ఉంటె గోడనే, నీ నొసలు గూడ నున్నగనే కనబడ్డది అన్నాడు.

3 మార్చి

జగిత్యాల కంటి డాక్టర్ దగ్గరికి నలుగురం పోయాం. లేజర్‌లో కాల్చే కాంతి కంటికి కనబడదట. నున్నటి స్టీల్ మీద పడి తిరిగి కంట్లోకి వస్తుందట. కంటి వెనక పొర కాలినా నొప్పి తెలియదు, కాలిన చోట చూపు రాదు. ఆర్క్ అయితే కళ్లు మండి ముందే చెబుతాయి. మిషన్‌తో ఇచ్చిన అద్దాలు ఏవి అని అడిగాడు.

బీరువాలో ఉన్నాయని నేనే చెప్పాను.

బస్సులో సంగీత నా పక్కన కూర్చోలేదు. మహేందరే మాట్లాడాడు. గప్పుడు కండ్లు మండితె ఆ మిషిన్ను బూతులు తిట్టేటోన్ని వదినె, గా మంటనే నాకు కావలి ఉండె అన్నాడు.

8 మార్చి

కొత్త మిషన్ మీద దుప్పటి కప్పారు. పచ్చ అద్దాలు బయటికి తీశాను. ఒక్క గీత లేదు.

మహేందర్ ముసుగు తొడుక్కుని పాత మిషన్ పట్టుకున్నాడు. నూనెలో పూరీ వేగినట్టు చప్పుడు ఆగకుండా వస్తే అతుకు బాగున్నట్టట. చప్పుడు వింటూ, అతుకుకు కొంచెం ఎడమగా చూస్తూ లాగుతున్నాడు. అతుకు తిన్నగానే వస్తోంది.

నాతో మాట్లాడేటప్పుడు నా భుజం పక్కన చూస్తాడు, అక్కడెవరో ఉన్నట్టు. ఇవాళ రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి అటువైపు జరిగి నిలబడ్డాను. అట్ల జరగకు వదినె, నిన్ను చూస్తె నువ్వు పోతవు అన్నాడు.

అత్త ఇప్పుడు మహేందర్ చూసే గోడ వైపు కూర్చోవడం లేదు.

12 మార్చి

మహేందర్ నా దగ్గర తీసుకున్న చేబదులు, పన్నెండు వేలు. లెక్కల పుస్తకంలో కొట్టేస్తానన్నాను. ఒప్పుకోలేదు. పేజీ తెమ్మన్నాడు. పక్కచూపుతో తన పేరు చదివాడు, తేదీ చదివాడు. తర్వాత చూపు నేరుగా అంకె మీద పెట్టాడు. చాలాసేపు తిప్పలేదు.

గీడ ఏం లేదు గద వదినె అన్నాడు.

ఆ అంకె పక్కన రాశాను: తీరింది.