పగలని చుక్క

శనివారం

స్వామీ, పొద్దున నీ ముందు దీపం వెలిగించి పసుపు గిన్నె జరుపుతుంటే నా తడిచేతి నుంచి ఒక నీటిచుక్క అందులో పడింది. ఇంకిపోతుందనుకుంటే ఒళ్ళంతా పసుపు పూసుకుని గోలీలా దొర్లింది. వేలితో తాకాక గానీ పగల్లేదు.

తమ్ముడు ఓబులేసు చూసి నవ్వాడు. "నా పొడి ముందర నీ పసుపు యాడికక్కా?" అంటూ రాప్తాడు నుంచి తెచ్చిన తెల్లపొడిలో ఒక చుక్కను దొర్లించి, జానెడు ఎత్తు నుంచి కింద వేశాడు. అది పగల్లేదు. నేను వేలితో నొక్కితే అణిగి, మళ్ళీ గుండ్రమైంది. మా చీనీ చెట్ల, అదే బత్తాయి చెట్ల పాదుల్లో ఆ పొడి చల్లితే ఎండకు నీళ్ళు ఆవిరి కావని అమ్మినవాడు చెప్పాడట.

"నా వేలికే పగలనిది వేరుకెట్లా అందుతాదప్పా?"

"నీకన్నీ అనుమానాలే. అమ్మిన ఆయప్ప పళ్ళెంలో చేసి చూపించినాడు."

"పళ్ళెంలో చెట్టుండాదా?"

వాడు పొడి తీసుకుని లేచిపోయాడు. ఆ లేచిపోవడమే నాకు నచ్చలేదు. తోటకు వెళ్ళి చూస్తే గట్టు పక్క చెట్టుకు అప్పటికే చల్లేసి ఉన్నాడు. చెంబుడు నీళ్ళు పోశాను. గోలీల్లా దొర్లుతూ పాదు దాటిపోయాయి. గీరి చూస్తే కింద మట్టి తడవనే లేదు. బోరు సన్నగా పోస్తోంది, ఇల్లు గడిచేది ఈ చెట్లతోనే. ఒక్కదానికే చల్లానంటాడు. నమ్మాలనే ఉంది స్వామీ, కానీ...

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. ఆ పాదులో పైమట్టి తీసేయాలనీ, రేపు ప్రతి చెట్టుకూ చెంబుడు నీళ్ళు పోసి చూడాలనీ అనుకున్నాం. ఓబులేసు ఒక్కడే, "ఎందుకులే అక్కా, నీళ్ళు దండగ" అన్నాడు.